ముందు, వెనుక బ్రేకుల పొందిక: పెద్ద కాలిపర్లు బిగించే ముందు వేసుకోవలసిన లెక్క

పెర్ఫార్మెన్స్ కారుకు ముందువైపు పెద్ద డిస్కులు, నాలుగు పిస్టన్ల కాలిపర్లు (ప్యాడ్లనే ఘర్షణ పలకలను డిస్కుకు అదిమే భాగాలు) బిగించిన తరువాత ఆగే దూరం తగ్గకపోగా ఇంకాస్త పెరగడం వింతేమీ కాదు. పెడల్ తాకగానే ముందు బ్రేకులు ఇదివరకటి కంటే గట్టిగా పట్టుకుంటాయి కనుక కారు బాగా ఆగుతున్నట్టే అనిపిస్తుంది. కానీ ముందు టైర్లు తమ పరిమితిని తొందరగా చేరుకొని, చక్రాలు బిగుసుకుపోకుండా కాపాడే ఏబీఎస్ పని మొదలుపెట్టే సమయానికి, వెనుక టైర్లు తాము చేయగలిగిన పనిలో కొంత మాత్రమే చేసి ఉంటాయి. కారును చివరికి ఆపేది రోడ్డు మీద నాలుగు టైర్లకు ఉన్న పట్టు. ఆ పట్టులో ఎవరి వాటా వారికి అందేలా బ్రేకు శక్తిని పంచడాన్నే బ్రేక్ బయాస్ అంటారు. ఈ పంపకాన్ని కాగితం మీద ముందుగా తేల్చుకొని, ఆ తరువాతే విడిభాగాలు కొనడం ఎలాగో ఇక్కడ క్రమంగా చూద్దాం.

మీకు కావలసింది బలమా, వేడిని తట్టుకునే శక్తా?

ముందుగా ఈ ప్రశ్నకు జవాబు తెలుసుకోండి. పొడి రోడ్డు మీద, బ్రేకులు మామూలు వేడిలో ఉన్నప్పుడు, పెడల్‌ను బలంగా తొక్కితే ఏబీఎస్ పనిచేస్తున్నదంటే మీ పాత బ్రేకులకు టైర్లను పరిమితి దాకా తీసుకువెళ్లే బలం ఇప్పటికే ఉన్నట్టు. అలాంటి కారుకు కాలిపర్ ఎంత పెద్దదైనా మొదటి బ్రేకింగులో ఆగే దూరాన్ని తగ్గించలేదు. ఆ పని మంచి టైర్లు చేస్తాయి. పెద్ద డిస్కు అవసరమయ్యేది రేస్ ట్రాక్ మీద వరుసగా బ్రేకులు వేస్తున్నప్పుడు పేరుకునే వేడిని భరించడానికి.

ఆ వేడి ఎంతో ఒకసారి చూడండి. 1400 కిలోల కారు గంటకు 200 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆగితే సుమారు 21.6 లక్షల జౌళ్ల శక్తి బ్రేకుల్లో వేడిగా మారుతుంది. అందులో 78 శాతం ముందు చక్రాలది అనుకుంటే, 8 కిలోల బరువున్న ఒక్కొక్క ముందు డిస్కు ఆ ఒక్క బ్రేకింగులోనే 200 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది. కొద్ది సెకన్లలో వచ్చే తరువాతి మలుపు నాటికి అది చల్లారదు. డిస్కు బరువు, గాలి ఆడే తీరు, ప్యాడ్ రకం, ఫ్లూయిడ్ (పెడల్ ఒత్తిడిని చక్రాలకు చేర్చే బ్రేకు ద్రవం) మరిగే ఉష్ణోగ్రత అనేవి ఇక్కడే అక్కరకు వస్తాయి. కాబట్టి మన లక్ష్యం స్పష్టమే: వేడిని తట్టుకునే శక్తి పెరగాలి, ముందు వెనుకల పంపకం మాత్రం అదుపు తప్పకూడదు.

మొదటి అడుగు: కారు కొలతలు సేకరించండి

నాలుగు అంకెలు కావాలి: ముందు ఇరుసు మీద పడే బరువు, వెనుక ఇరుసు మీద పడే బరువు, వీల్‌బేస్ (రెండు ఇరుసుల మధ్య దూరం), గరిమనాభి (కారు బరువంతా ఉన్నట్టు భావించే బిందువు) నేల నుంచి ఉన్న ఎత్తు. మొదటి రెండింటినీ కారు వాడే స్థితిలోనే, అంటే డ్రైవర్ కూర్చొని, ఇంధనం సగం నింపి, తూకం వేయించండి. గరిమనాభి ఎత్తును కొలవడం కొంచెం శ్రమతో కూడిన పని కనుక, తక్కువ ఎత్తున్న సెడాన్లు, హ్యాచ్‌బ్యాక్‌ల విషయంలో 0.50 మీటర్లు, 0.55 మీటర్లు అనే రెండు విలువలతోనూ విడివిడిగా లెక్క చేసి, ఫలితం ఆ రెండింటి మధ్య ఉంటుందని భావించవచ్చు. తేడా సుమారు రెండు శాతమే ఉంటుంది.

బ్రేకు వేసినప్పుడు వెనుక నుంచి ముందుకు మారే బరువుకు సూత్రం ఇది:

మారే బరువు = కారు మొత్తం బరువు × రుణత్వరణం (వేగం తగ్గే రేటు, జి లలో; 1 జి అంటే భూమ్యాకర్షణ త్వరణం) × గరిమనాభి ఎత్తు ÷ వీల్‌బేస్.

ఒక ఉదాహరణ తీసుకొని దానినే చివరిదాకా వాడుకుందాం. కారు బరువు 1400 కిలోలు. అందులో 840 కిలోలు ముందు, 560 కిలోలు వెనుక. గరిమనాభి ఎత్తు 0.52 మీటర్లు, వీల్‌బేస్ 2.6 మీటర్లు. నిలబడి ఉన్నప్పుడు పంపకం 60:40. మెల్లగా 0.4 జి తో ఆపితే 112 కిలోలు ముందుకు మారి పంపకం 68:32 అవుతుంది. 0.8 జి దగ్గర 76:24, 1 జి దగ్గర 80:20, మెత్తని ట్రాక్ టైర్లతో 1.2 జి సాధిస్తే 84:16. ఇవే ఆయా సందర్భాలలో ఆదర్శమైన బ్రేకు పంపకాలు కూడా, ఎందుకంటే టైరు మీద ఎంత బరువు పడితే దాదాపు అంతే నిష్పత్తిలో అది బ్రేకు శక్తిని రోడ్డుకు అందించగలదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఆదర్శ పంపకం ఒకే అంకె కాదు. ఎంత గట్టిగా ఆపుతున్నామన్న దానిని బట్టి అది జరుగుతూ ఉంటుంది. కానీ పిస్టన్లు, డిస్కులు నిర్ణయించే పంపకం స్థిరమైనది. అందువల్ల ఏ కారుకైనా రెండూ ఒక్క చోటే కలుస్తాయి. ఆ చోటుకు దిగువన ముందు టైర్లు మొదట లాక్ అవుతాయి (అంటే తిరగడం ఆగిపోయి జారతాయి), ఎగువన వెనుక టైర్లు మొదట లాక్ అవుతాయి. ముందు టైర్లు లాక్ అయితే స్టీరింగ్ మాట వినదు గాని కారు తిన్నగానే జారుతుంది. వెనుక టైర్లు లాక్ అయితే అవి పక్కకు జారకుండా నిలిపే పట్టును కోల్పోతాయి కనుక కారు గిర్రున తిరుగుతుంది. అందుకే ఏబీఎస్ లేని కార్ల విషయంలో ఐక్యరాజ్య సమితి ఆర్ 13 హెచ్ నిబంధన, 0.15 నుంచి 0.8 జి వరకు వెనుక ఇరుసు తన పట్టును ముందు ఇరుసు కంటే ఎక్కువగా వాడుకోకూడదని నిర్దేశిస్తుంది. మీ లెక్కలో పొరపాటు జరిగినా అది ముందు వైపుకే మొగ్గాలి.

రెండవ అడుగు: ఇప్పుడున్న బ్రేకుల పంపకాన్ని లెక్కించండి

ఒక చక్రం దగ్గర పుట్టే బ్రేకు టార్కు (చక్రం తిరగకుండా అడ్డుకునే మెలి బలం) నాలుగింటి మీద ఆధారపడుతుంది: బ్రేకు ఫ్లూయిడ్ గొట్టంలోని ఒత్తిడి, పిస్టన్ వైశాల్యం, ప్యాడ్ ఘర్షణ గుణకం, ప్రభావ వ్యాసార్ధం. డిస్కుకు రెండు ముఖాలు ఉంటాయి కనుక ఈ నాలుగింటి గుణకారాన్ని రెట్టింపు చేయాలి. అయితే ఆ రెండు ముందూ వెనుకా సమానమే కాబట్టి పంపకపు లెక్కలో అది వదిలివేయవచ్చు.

ప్రభావ వ్యాసార్ధం అంటే డిస్కు అంచు దాకా ఉన్న వ్యాసార్ధం కాదు. ప్యాడ్ ఎత్తులో మధ్య భాగం డిస్కు కేంద్రం నుంచి ఎంత దూరంలో ఉందో అది. 280 మిల్లీమీటర్ల డిస్కు మీద 50 మిల్లీమీటర్ల ఎత్తున్న ప్యాడ్ అంచు దాకా కూర్చుంటే, 140 లోంచి 25 తీసివేయగా 115 మిల్లీమీటర్లు వస్తుంది.

పిస్టన్ వైశాల్యం దగ్గరే చాలామంది తడబడతారు. జారే కాలిపర్‌లో ఒకే వైపు పిస్టన్ ఉంటుంది; స్థిరమైన కాలిపర్‌లో రెండు వైపులా ఉంటాయి. రెండింటినీ పోల్చేటప్పుడు స్థిరమైన కాలిపర్‌లో ఒక వైపు పిస్టన్లనే లెక్కపెట్టాలి. నాలుగు పిస్టన్లనూ కూడి, పాత కాలిపర్‌లోని ఒక్క పిస్టన్‌తో పోల్చి, బ్రేకు బలం రెట్టింపైందని చెప్పే ప్రకటనలను నమ్మకండి. జారే కాలిపర్‌లో ఆ ఒక్క పిస్టనే కాలిపర్‌ను వెనక్కి లాగి అవతలి ప్యాడ్‌ను కూడా అంతే బలంతో నొక్కుతుంది.

మన ఉదాహరణ కారులో ముందు 57 మిల్లీమీటర్ల పిస్టన్, 280 మిల్లీమీటర్ల డిస్కు ఉన్నాయి. పిస్టన్ వైశాల్యం 2552 చదరపు మిల్లీమీటర్లు. దానిని 115 తో గుణిస్తే దాదాపు 2,93,500. వెనుక 34 మిల్లీమీటర్ల పిస్టన్, 260 మిల్లీమీటర్ల డిస్కు, 36 మిల్లీమీటర్ల ఎత్తున్న ప్యాడ్ ఉన్నాయి. వైశాల్యం 908, ప్రభావ వ్యాసార్ధం 112, గుణిస్తే 1,01,700. ప్యాడ్ల ఘర్షణ గుణకం రెండు చోట్లా ఒకటే అనుకుంటే పంపకం 74.3 : 25.7.

ఈ అంకెను పై వరుసతో పోల్చి చూడండి. సుమారు 0.71 జి దగ్గర ఇది ఆదర్శంతో కలుస్తుంది. అంతకంటే గట్టిగా ఆపితే వెనుక చక్రాలు ముందుగా లాక్ అవ్వాలి. అలా కాకుండా కాపాడేది వెనుక గొట్టంలో ఒత్తిడిని తగ్గించే ప్రపోర్షనింగ్ వాల్వ్, లేదా కొత్త కార్లలో అదే పనిని ఎలక్ట్రానిక్స్‌తో చేసే ఈబీడీ. కంపెనీ ఇంజనీర్లు కావాలనే ఈ ఏర్పాటు చేస్తారు: తేలికపాటి బ్రేకింగులో వెనుక చక్రాలకు మంచి వాటా ఇచ్చి, గట్టిగా తొక్కినప్పుడు వాల్వ్‌తో కత్తిరిస్తారు.

మూడవ అడుగు: కొత్త భాగాలను లెక్కలో పెట్టి చూడండి

ఇప్పుడు ముందువైపుకు 330 మిల్లీమీటర్ల డిస్కు, ఒక్కో వైపు 38, 42 మిల్లీమీటర్ల పిస్టన్లున్న నాలుగు పిస్టన్ల కాలిపర్ పెట్టాలని అనుకున్నారు. ఒక వైపు వైశాల్యం 2520, ప్రభావ వ్యాసార్ధం 140, గుణిస్తే 3,52,800. వెనుక ఏమీ మార్చకపోతే పంపకం 77.6 : 22.4 అవుతుంది. మూడు శాతమే కదా అనిపించవచ్చు. కానీ వెనుక బ్రేకుల వైపు నుంచి చూడండి: అదే 0.7 జి తో ఆపడానికి పాత ఏర్పాటులో గొట్టంలో 47 బార్ల ఒత్తిడి కావలసి ఉంటే, ఇప్పుడు 41 బార్లతోనే సరిపోతుంది (ప్యాడ్ ఘర్షణ గుణకం 0.4, టైరు వ్యాసార్ధం 310 మిల్లీమీటర్లు అనుకుంటే). వెనుక కాలిపర్‌కు అందేదీ ఆ 41 బార్లే కనుక అది ఇదివరకటి కంటే 13 శాతం తక్కువ పని చేస్తుంది. ఆపైన గట్టిగా తొక్కితే వాల్వ్ మరింత కోత పెడుతుంది. 1 జి దగ్గర ఆదర్శం 80:20 అయినప్పుడు, వాల్వ్ కోతతో కలిపి అసలు పంపకం 85:15 కు చేరితే వెనుక టైర్లు వృథాగా దొర్లుతున్నట్టే.

దీనికి నాలుగు పరిష్కారాలున్నాయి. నా దృష్టిలో వాటి మంచిచెడ్డలు సమానం కావు.

అన్నిటికంటే మేలైనది, పెద్ద డిస్కుకు చిన్న పిస్టన్ల కాలిపర్‌ను ఎంచుకోవడం. అదే 330 మిల్లీమీటర్ల డిస్కుకు 34, 38 మిల్లీమీటర్ల పిస్టన్లున్న కాలిపర్‌ను జతచేస్తే వైశాల్యం 2042, గుణకారం 2,85,900, పంపకం 73.8 : 26.2. కంపెనీ ఇచ్చిన దానికి అర శాతం తేడాలోనే ఉంది. డిస్కు పెద్దదై వేడిని బాగా భరిస్తుంది. టార్కు దాదాపు మారదు. పిస్టన్ల వైశాల్యం 20 శాతం తగ్గినందువల్ల పెడల్ కూడా తక్కువ దూరం కదిలి గట్టిగా తగులుతుంది. పేరున్న బ్రేకు తయారీ సంస్థలు ఒకే కాలిపర్‌ను వేర్వేరు పిస్టన్ కొలతలతో అమ్మేది ఇందుకే. కొనేటప్పుడు కాలిపర్ రంగు, పిస్టన్ల సంఖ్య అడగడం కంటే పిస్టన్ల వ్యాసాలు రాతపూర్వకంగా అడగండి. అవి చెప్పలేని వారి దగ్గర కొనకపోవడమే మంచిది.

రెండవది, వెనుక డిస్కును కూడా పెంచడం. పాత వెనుక కాలిపర్‌నే బ్రాకెట్‌తో బయటికి జరిపి 290 మిల్లీమీటర్ల డిస్కు పెడితే ప్రభావ వ్యాసార్ధం 127 అవుతుంది. 38, 42 పిస్టన్ల ముందు కాలిపర్ ఉన్నా పంపకం 75.4 దగ్గరకు తిరిగి వస్తుంది. హ్యాండ్ బ్రేక్ యంత్రాంగం పాత కాలిపర్‌లోనే ఉంటే అది కూడా చెక్కుచెదరదు. అందుకే వెనుక కొత్త కాలిపర్ కొనడం కంటే ఈ పద్ధతి చాలా సందర్భాలలో తెలివైనది.

మూడవది వెనుక ప్యాడ్లను మార్చడం. నాలుగవది ప్రపోర్షనింగ్ వాల్వ్‌ను మార్చడం. వాటి గురించి విడిగా చెప్పాలి.

వెనుక డ్రమ్ బ్రేకులు తీసి డిస్కులు పెట్టేవారికి ఒక హెచ్చరిక. డ్రమ్ బ్రేకులో చక్రం తిరుగుడే షూను (లోపలి ఘర్షణ పలకను) డ్రమ్ వైపుకు ఇంకా గట్టిగా లాగి బలాన్ని పెంచుతుంది. డిస్కులో ఆ సహాయం ఉండదు. కనుక అదే ఒత్తిడికి వెనుక టార్కు బాగా తగ్గిపోవచ్చు. పాత డ్రమ్‌ల కోసం గొట్టంలో కొద్దిపాటి ఒత్తిడిని నిలిపే వాల్వ్ ఉంటే దానిని తీసివేయాలి, లేకపోతే వెనుక ప్యాడ్లు డిస్కును ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటాయి.

నాలుగవ అడుగు: ప్యాడ్లను జతగా ఆలోచించండి

పిస్టన్ల లెక్కంతా ప్యాడ్ల ఘర్షణ గుణకం సమానమన్న ఊహ మీద నడిచింది. ముందు 0.40, వెనుక 0.44 గుణకం ఉన్న ప్యాడ్లు పెడితే, మొదట అనుకున్న పెద్ద కాలిపర్, మార్చని వెనుక బ్రేకులతోనే పంపకం 77.6 నుంచి 75.9 కు దిగుతుంది. ఖర్చు తక్కువ, పని అరగంటది. కాకపోతే ప్యాడ్ గుణకం ఉష్ణోగ్రతతో మారుతుంది. వెనుక డిస్కులు ముందు వాటి కంటే సాధారణంగా చల్లగా ఉంటాయి కనుక, వేడెక్కితే గాని పట్టని రేసింగ్ ప్యాడ్‌ను వెనుక పెడితే అది తన సామర్థ్యాన్ని చేరుకోకపోవచ్చు. దీనికి విరుద్ధంగా, ముందు రేసింగ్ ప్యాడ్, వెనుక రోడ్డు ప్యాడ్ పెట్టి చల్లని ఉదయం బయలుదేరితే, మొదటి కొన్ని బ్రేకింగులలో వెనుక చక్రాలే ఎక్కువ పట్టుకొని కారు తోక ఊపుతుంది. ఒకే తయారీదారు ఒకే రకం ప్యాడ్లను ముందూ వెనుకా వాడి, పంపకాన్ని పిస్టన్లతో సరిచేయడం నిలకడైన మార్గం.

కొన్ని ప్యాడ్ల అంచు మీద రెండు అక్షరాలు ముద్రించి ఉంటాయి. మొదటిది మామూలు వేడిలోను, రెండవది ఎక్కువ వేడిలోను ఉండే గుణకపు తరగతి. ‘ఈ’ అంటే 0.25 నుంచి 0.35, ‘ఎఫ్’ అంటే 0.35 నుంచి 0.45, ‘జి’ అంటే 0.45 నుంచి 0.55. ఒక్క తరగతిలోనే ఇంత వెడల్పు ఉన్నందున ఇవి ప్రాథమిక అంచనాకే పనికొస్తాయి. తయారీదారు ఇచ్చే ఉష్ణోగ్రత గ్రాఫునే ప్రమాణంగా తీసుకోండి.

ఐదవ అడుగు: మాస్టర్ సిలిండర్‌ను సరిచూడండి

పెడల్ తొక్కుడును ఫ్లూయిడ్ ఒత్తిడిగా మార్చే మాస్టర్ సిలిండర్‌ను మార్చితే ముందు వెనుకల పంపకం మారదు, ఎందుకంటే మామూలు కారులో ఒకే సిలిండర్ రెండింటికీ ఒకే ఒత్తిడి ఇస్తుంది. మారేది పెడల్ తీరు. 23.8 మిల్లీమీటర్ల సిలిండర్ స్థానంలో 25.4 మిల్లీమీటర్లది పెడితే వైశాల్యం 14 శాతం పెరుగుతుంది. పెడల్ ప్రయాణం సుమారు 12 శాతం తగ్గుతుంది, అదే ఒత్తిడికి కాలితో 14 శాతం ఎక్కువ బలం పెట్టవలసి వస్తుంది. కాలిపర్ల మొత్తం వైశాల్యం బాగా పెరిగి, పెడల్ నేలవైపు దిగిపోతుంటేనే సిలిండర్ మార్చండి. చాలామంది మెత్తని పెడల్‌కు సిలిండర్‌ను తప్పుపడతారు గాని, అసలు కారణం చాలాసార్లు గొట్టంలో మిగిలిపోయిన గాలి.

పూర్తి రేసు కార్లలో రెండు విడి సిలిండర్లు, వాటి మధ్య పెడల్ బలాన్ని పంచే బ్యాలెన్స్ బార్ ఉంటాయి. అక్కడ సిలిండర్ల వ్యాసాలతోను, బార్ స్థానంతోను పంపకాన్ని నేరుగా మార్చవచ్చు. ఏబీఎస్, ఈబీడీలతో రోడ్డు మీద తిరిగే కారుకు ఇది తగదు.

ఆరవ అడుగు: వాల్వ్, ఈబీడీ, ఏబీఎస్ సంగతి

సర్దుబాటు చేయగల ప్రపోర్షనింగ్ వాల్వ్ ఒక నిర్ణీత ఒత్తిడి దాకా వెనుకకు పూర్తి ఒత్తిడిని పంపి, ఆపైన పెరిగే ఒత్తిడిలో కొంత భాగాన్నే వదులుతుంది. గుండీ తిప్పితే మారేది ఆ కోత మొదలయ్యే స్థానం. అది వెనుక ఒత్తిడిని తగ్గించగలదే తప్ప పెంచలేదు. కాబట్టి వాల్వ్‌తో సరిచేయాలనుకునేవారు వెనుక బ్రేకులను కావలసిన దానికి కొంచెం ఎక్కువ బలంగా ఎంచుకొని, వాల్వ్‌తో వెనక్కి తగ్గించుకోవాలి. దీనిని అమర్చేటప్పుడు మూడు విషయాలలో రాజీ పడకూడదు. వాల్వ్‌ను వెనుక గొట్టంలోనే పెట్టాలి, ముందు గొట్టంలో ఎన్నడూ పెట్టకూడదు. కంపెనీ వాల్వ్ ఉండగా దాని తరువాత రెండవది పెట్టకూడదు. రెండు కోతలు కలిస్తే ఫలితాన్ని ఊహించలేరు. ఇక మూడవది: ముందు చక్రాలతో నడిచే కార్లలో సాధారణంగా గొట్టాలు ఐమూలగా ఉంటాయి, అంటే ఎడమ ముందు చక్రం కుడి వెనుక చక్రంతో జతపడి ఉంటుంది. రెండు వెనుక గొట్టాలనూ ఒకే వాల్వ్‌లోకి కలిపితే, ఒకచోట లీకైనప్పుడు రెండవ సర్క్యూట్ కూడా ఖాళీ అవుతుంది. ఒక సర్క్యూట్ పోయినా మిగిలినది కారును ఆపాలన్న రక్షణ ఏర్పాటును మీ చేతులతో మీరే తీసివేసినట్టు అవుతుంది.

ఈబీడీ ఉన్న కారులో విడి వాల్వ్ ఉండకపోవచ్చు. అది వెనుక చక్రాలు ముందు చక్రాల కంటే ఎక్కువ జారుతున్నాయని గమనించిన వెంటనే వెనుక ఒత్తిడిని ఆపివేస్తుంది. అందువల్ల వెనుక బ్రేకులు కాస్త ఎక్కువైనా ఈబీడీ కాపాడుతుంది. వెనుక బ్రేకులు తక్కువైతే మాత్రం అది ఏమీ చేయలేదు. లేని బలాన్ని అది సృష్టించదు. ముందు మాత్రమే పెద్ద కిట్ పెట్టుకొని, మిగతాది ఎలక్ట్రానిక్స్ చూసుకుంటుందని అనుకునే వారి లెక్క తప్పేది ఇక్కడే. అలాగని పంపకాన్ని పూర్తిగా ఈబీడీకి వదిలి వెనుక బ్రేకులను భారీగా పెంచడమూ సరికాదు. కంపెనీ టార్కులకు అనుగుణంగా రాసిన ఆ ప్రోగ్రాం వెనుక ఒత్తిడిని పదే పదే కోస్తూ పెడల్‌ను వణికిస్తుంది. పాత పంపకానికి రెండు శాతం లోపల ఉంటే ఏబీఎస్, ఈబీడీలు మామూలుగా పనిచేస్తాయని నేను పెట్టుకున్న హద్దు.

ఏడవ అడుగు: బిగింపు

ఇది క్లుప్తంగా. కాలిపర్ గాలి తీసే నిపుల్ పైకి ఉండేలా బిగించండి. కిందికి ఉంటే ఎడమ కుడి కాలిపర్లు తారుమారైనట్టు. వేర్వేరు వ్యాసాల పిస్టన్లున్న కాలిపర్‌లో, ముందుకు తిరిగే డిస్కు మొదట ప్రవేశించే వైపు చిన్న పిస్టన్ ఉండాలి. రాగి వాషర్లు కొత్తవి వాడండి, బోల్టులను తయారీదారు చెప్పిన టార్కుకే బిగించండి, స్టీరింగ్ రెండు చివరలకూ తిప్పి గొట్టం ఎక్కడా లాగబడడం లేదని చూడండి. ఫ్లూయిడ్ కనీసం డాట్ 4 ఉండాలి: కొత్తగా ఉన్నప్పుడు 230, తేమ పీల్చుకున్నాక 155 డిగ్రీల దగ్గర మరగడం దానికి నిర్దేశించిన కనిష్ఠ హద్దు. డాట్ 5.1 కు ఆ అంకెలు 260, 180. సిలికాన్ ఆధారిత డాట్ 5 వేరు. దానిని ఏబీఎస్ ఉన్న కారులో పోయకండి.

కొత్త ప్యాడ్లను డిస్కులకు అలవాటు చేసిన తరువాతే పరీక్షలు మొదలుపెట్టాలి. సాధారణంగా గంటకు 100 కిలోమీటర్ల నుంచి 20 దాకా పది సార్లు, పూర్తిగా ఆపకుండా, క్రమంగా గట్టిగా బ్రేకు వేసి, ఆ తరువాత బ్రేకు తాకకుండా కొంత దూరం నడిపి చల్లారనివ్వాలి. మీ ప్యాడ్ తయారీదారు వేరే విధానం చెప్పి ఉంటే అదే పాటించండి.

ఎనిమిదవ అడుగు: కొలిచి, సరిదిద్దండి

కాగితం మీది లెక్కను గొట్టంలో నిర్ధారించుకోవడానికి రెండు ప్రెషర్ గేజీలు చాలు. ఒకదానిని ముందు కాలిపర్ నిపుల్ స్థానంలో, మరొకదానిని వెనుక కాలిపర్ నిపుల్ స్థానంలో బిగించి, కారు నిలిపి ఉంచి, పెడల్‌ను మెల్లగా తొక్కుతూ ముందు 10 బార్లు పెరిగినప్పుడల్లా వెనుక ఎంత ఉందో రాసుకోండి. రెండు అంకెలూ ఎక్కడ విడిపోతాయో అదే మీ వాల్వ్ కోత మొదలయ్యే చోటు. ఆ పట్టికను లెక్కలో పెడితే ప్రతి ఒత్తిడి దగ్గరా అసలు పంపకం తెలుస్తుంది. ఈబీడీ మాత్రం కారు కదులుతున్నప్పుడే పనిచేస్తుంది కనుక ఈ పద్ధతిలో కనబడదు.

కదిలే కారు పరీక్షకు ఇతర వాహనాలు రాని, సమతలమైన, పొడిగా ఉన్న, చుట్టూ ఖాళీ స్థలమున్న చోటు కావాలి. ప్రజలు తిరిగే రోడ్డు దీనికి పనికిరాదు. గంటకు 50 కిలోమీటర్లతో మొదలుపెట్టి, ప్రతిసారీ కొంచెం ఎక్కువ బలంతో తొక్కుతూ, ఒక పక్క నుంచి చక్రాలను వీడియో తీయించండి. ఏబీఎస్ లేని కారులో ముందు చక్రాలు మొదట లాక్ అయి, ఆ వెంటనే మరికాస్త తొక్కితే వెనుక చక్రాలు కూడా లాక్ కావడానికి సిద్ధంగా ఉంటే పంపకం సరైన చోట ఉన్నట్టు. వెనుకవి మొదట లాక్ అయితే అక్కడికక్కడే ఆపి, వాల్వ్‌ను తగ్గించే దిశలో తిప్పి, తక్కువ వేగం నుంచే మళ్లీ మొదలుపెట్టండి. తక్కువ వేగంలో సరిగ్గా ఉన్నదని తేలిన తరువాతే వేగం పెంచండి. ఏబీఎస్ ఉన్న కారులో లాక్ కనబడదు కనుక నాలుగు చక్రాల వేగాలను డేటా లాగర్‌తో నమోదు చేసి, ఏబీఎస్ మొదలయ్యే ముందు క్షణంలో ముందు, వెనుక చక్రాలు ఎంతెంత జారుతున్నాయో పోల్చండి. వెనుకవి అసలు జారకుండా ముందువే ఏబీఎస్‌ను మేల్కొలుపుతుంటే వెనుకకు ఇంకా వాటా ఇవ్వవచ్చు.

ట్రాక్ మీద కొన్ని ల్యాపుల తరువాత డిస్కుల ఉష్ణోగ్రత మరో సాక్ష్యం. డిస్కు అంచుకు పూసే రంగులు దీనికి పనికొస్తాయి: సాధారణంగా ఆకుపచ్చది 430 డిగ్రీల దగ్గర, నారింజది 560 దగ్గర, ఎర్రది 610 దగ్గర రంగు మారుతుంది. ముందు డిస్కుపై మూడూ మారిపోయి, వెనుక డిస్కుపై ఆకుపచ్చ కూడా చెదరకపోతే ముందు బ్రేకులు మోయవలసిన దాని కంటే ఎక్కువ మోస్తున్నాయేమో చూడాలి. అయితే వెనుక డిస్కు చిన్నదా, పెద్దదా, గాలి ఎంత తగులుతుంది అన్నవి కూడా ఇందులో కలుస్తాయి కనుక ఉష్ణోగ్రత ఒక్కదానినే చూసి వాల్వ్ తిప్పకండి.

సరైన స్థానం దొరికాక వాల్వ్ గుండీ మీద గుర్తు పెట్టి, పూర్తిగా మూసిన స్థితి నుంచి ఎన్ని చుట్లు తిప్పారో ప్యాడ్ పేరు, టైర్ల రకంతో కలిపి రాసి ఉంచండి. ఎందుకంటే ఈ స్థానం ఆ టైర్లకే చెల్లుతుంది. పట్టు ఎక్కువైన టైర్లు వేస్తే రుణత్వరణం పెరిగి ఆదర్శం 80 నుంచి 84 వైపు జరుగుతుంది. అప్పుడు నిన్నటి దాకా సరిగ్గా ఉన్న వెనుక వాటా ఎక్కువై కారు తిరిగే ప్రమాదం ఉంది. సస్పెన్షన్‌ను దించితే గరిమనాభి దిగి, ఆదర్శం కొంచెం వెనుకకు జరుగుతుంది. వాన పడితే పట్టు తగ్గి ముందుకు మారే బరువు తగ్గుతుంది కనుక ట్రాక్ మీద వాల్వ్‌ను ఒక చుట్టు వెనుక వైపుకు వదలవచ్చు. ట్రాక్ ఆరిన వెంటనే, తరువాతి ల్యాపు మొదలుకాక ముందే, దానిని పాత గుర్తుకు తిప్పివేయాలి.